రెండు ఊళ్లలో ఒకే మంచం

రాస్తున్నావా కన్నా? నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నీ సొంతం కలపొద్దు.

డెబ్బైల చివర్లో సంగతి. నందవరం నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, బాగా లోపలికున్న పల్లె మాది. ఊరి బయట ఆస్పత్రి గది ఒకటి కట్టి, తాళం వేసి పోయారు. కొన్నాళ్లకు తాళమూ పోయింది, ఎవరిదో పశువులకేసే వేరుశనగ కట్టె లోపలికి చేరింది. నా తొలిబిడ్డ ఎమ్మిగనూరు పోయే దారిలో బండిలోనే పుట్టి, బండిలోనే పోయింది. మళ్లీ నెలలు నిండాయి. ఈ బిడ్డన్నా దక్కుతుందా అన్నదొక్కటే నా భయం.

ఒకరోజు జీపొచ్చింది. కట్టె బయటికి, ఇనుప మంచం లోపలికి. మందుల సీసాలు, ఒక నర్సమ్మ, ఫినాయిలు వాసన. పల్లెల్లో కాన్పులు చేయడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయో లేదో చూడ్డానికి పెద్దాఫీసరు వస్తున్నాడట. మంచమ్మీద బాలింత కావాలట. అసలు బాలింత పురుడు తీరకుండా గడప దాటదు కదా! జీపుతో వచ్చిన గుమాస్తా కళ్లు నా మీద పడ్డాయి.

"నువ్వు పండుకోమ్మా. సారు మెచ్చుకున్నాడంటే మంచం, నర్సమ్మ ఈడనే ఉంటారు. నీ కాన్పు దీని మీదనే."

మా అత్త మండిపడింది. "కడుపుతో ఉండేదానికి బాలింత కట్టు కడతారా? ఇంగ పుట్టే బిడ్డకు తావేదప్పా?"

మంచం నిలుస్తుందన్న ఆశతో నేనే ఒప్పుకున్నాను. పక్కింటి దూదేకులామె నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, ముఖానికి పసుపు పూసి, తన చంటిదాన్ని నా పక్కలో వేసింది. "నా బిడ్డను నీదే అనుకుంటావేమో, సూసుకో మే" అని నవ్వింది. నా పసుపు చేయి తగిలి దుప్పటి అంచున నాలుగు వేళ్ల గుర్తులు పడ్డాయి.

దూది వల్ల మాటలన్నీ బావిలోంచి వస్తున్నట్టుండేవి. ఆఫీసరు వంగి, "బిడ్డ బాగుందామ్మా?" అన్నాడు. తలూపాను. దుప్పటి కింద నా కడుపులో బిడ్డ ఒక్కసారి తన్ని, ఇంక కదల్లేదు.

ఆయన అటు పోగానే నర్సమ్మతో పాటు మంచమూ పోయింది. గచ్చు మీద మంచం కోళ్ల గుర్తులే మిగిలాయి.

తెల్లారి నొప్పులు మొదలయ్యాయి. "మంచం అవతలి ఊరికి పోయింది, మా ఆయన సూసినాడు. బండి కట్టండి!" అని దూదేకులామె కేకేసింది. బండిలో నా పొట్ట మీంచి చేయి తీయలేదు. కదలికే లేదు.

ఆ ఊరి గది అచ్చం మా గదే. అదే తలుపు, అదే ఫినాయిలు, అదే మంచం. దుప్పటి అంచున నా నాలుగు వేళ్లు. దాని మీద తలగుడ్డతో, చెవుల్లో దూదితో, ముఖాన పసుపుతో ఒకామె. పక్కలో బిడ్డ. నిన్న నన్ను నేను ఈ మంచం మీదే వదిలేశానేమో, ఇంటికి పోయింది ఇంకెవరో అనిపించింది.

ఆమె కళ్లు తెరిచింది. "నిజం నొప్పులేనామ్మే?"

గుమాస్తా అడ్డమొచ్చాడు. "సారు వచ్చే యాళప్పా! రోంతసేపు తాళి రాండి."

"ఆ మాట బిడ్డకు నువ్వే సెప్పు" అంటూ ఆమె పక్కలో బిడ్డను చంకనేసుకుని దిగి, తలగుడ్డ విప్పి ఆయన చేతిలో పెట్టింది. నర్సమ్మ చేతులు కడుక్కుంది.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు. నర్సమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు తడుతోంది. అత్త నా మీద దుప్పటి లాగేసరికి బయట బూట్ల చప్పుడు.

ఆఫీసరు గడపలోనే ఆగిపోయాడు. నా ముఖం చూశాడు, దుప్పటి అంచున పసుపు గుర్తులు చూశాడు.

"నిన్న ఆ ఊళ్లో ఉన్నది నువ్వే కదమ్మా? మరి నిన్నటి బిడ్డ ఏది?"

నాకు బండిలో పోయిన బిడ్డే కళ్ల ముందు మెదిలింది. ఏదని చెప్పేది?

అప్పుడు కేరుమంది, మీ అమ్మ.