నిద్రకు పిలవని ఊళ్ళు

“నీ గేటు దాకా వచ్చాను, చాలదూ? లోపలికి రమ్మని మళ్ళీ మళ్ళీ అడక్కు హమీదా. ఆ టీ ఏదో ఇక్కడికే పట్రా, ఈ పిట్టగోడ మీద కూర్చుని తాగుతా. లేదంటే నువ్వే నా బండిలోకి రా, అల్లం దంచి నేను పెడతా.”

కనకదుర్గ ఈ మాట నవ్వుతూనే అంది గాని హమీదాకి నవ్వు రాలేదు. కారు తాళాలు చేతిలో ఆడిస్తూ అలాగే నిలబడింది. ఆవిడ గేటు దగ్గరే ఆగిపోవడం ఇది మొదటిసారి కాదు. వంకాయ కూర చేశానని పిలిచిన రోజూ అంతే, వాన పడ్డ రోజూ అంతే. ఆ వానలో గొడుగు కూడా లేకుండా తడిసింది గాని వరండా మెట్టు ఎక్కలేదు.

“నిజం చెప్పండి ఆంటీ. మేం సాయిబులమనా?”

“ఛీ, ఎంత మాటన్నావే! మాంసం తప్ప నువ్వు పెట్టినవన్నీ ఈ గోడ మీద కూర్చుని తిన్నాను కదుటే?”

“గోడ మీదే కదా ఆంటీ తిన్నది!”

కనకదుర్గ రోడ్డు వంక చూసి, “పద, బండిలోకి పద. చెప్పక తప్పేట్టు లేదు,” అంది.

బండి ఉన్నది రోడ్డవతల, ఇళ్ళలాంటి బండ్లు నిలుపుకునే కారవాన్ పార్కులో. సిడ్నీకి ఉత్తరాన చాలా దూరంలో ఉన్న ఈ టూవూంబా ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. హమీదాది గుంటూరు. భర్త రజాక్ ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. రోగుల దగ్గర ఎంతో ఓపికగా ఉండే మనిషి, డ్రైవింగ్ నేర్పడానికి పక్క సీట్లో కూర్చుంటే మాత్రం తనే రోగి అయిపోయేవాడు. ఒకరోజు సరిగ్గా పార్కు ముందు కారు ఆగిపోయింది. రజాక్ ఉర్దూలో అరుస్తున్నాడు, హమీదా తెలుగులో “ఓరి నాయనో” అంటూ స్టీరింగు మీద తల వాల్చేసింది. అప్పుడు కంచె లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది.

“నాయన్నెందుకమ్మా పిలుస్తావ్? క్లచ్చి మీద కాలు మెల్లిగా తీ!”

రజాక్ తల బయటపెట్టి చూశాడు. నేత చీర మీద స్వెట్టరు వేసుకున్న యాభై ఏళ్ళావిడ, పాత మోటర్‌హోమ్ కిటికీలోంచి కూర తరుగుతూ కనిపించింది. “ఆంటీ, మీకు లైసెన్సుందా?” అనడిగాడు నమ్మలేక. “మరి ఈ ఏనుగుని ఇక్కడిదాకా ఎవరు తోలుకొచ్చారనుకున్నావ్ బాబూ, మావటివాడా?” అంది ఆవిడ. ఆ సాయంత్రం నుంచి హమీదాకి ఆవిడే గురువు.

ఒకప్పుడు తెల్లగా ఉండే ఆ బండి ఇప్పుడు మీగడ రంగుకి తిరిగింది. కిటికీ రబ్బర్లు ఊడితే టేపు వేసి ఉన్నాయి. పార్కు మేనేజరుకి ఆ బండంటే చిరాకు. మిగతా బండ్లన్నీ ఒకవైపు మొహం పెట్టుకుని ఉంటే ఇదొక్కటే వాటికి అడ్డంగా, దక్షిణం చూస్తూ ఉండేది. బండి తలుపు ఎడమవైపు ఉంది కాబట్టి అలా నిలబెడితేనే వాకిలి తూర్పుకి వస్తుంది. ఏ ఊళ్ళో ఆగినా ముందుకీ వెనక్కీ తిప్పి వాకిలి తూర్పుకి పెట్టడం ఆవిడ భర్త ద్వారకానాథ్ అలవాటు. ఇల్లన్నాక వాస్తు ఉండాలనేవాడు, చక్రాలున్నా సరే. కిందిమెట్టుకి పసుపు రాయడం కనకదుర్గ వంతు. ఆ పసుపు ఏ వానలోనో కడుక్కుపోయింది. మళ్ళీ రాయలేదు.

ఇద్దరూ బండెక్కాక కనకదుర్గ స్టవ్వు వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. దూరంగా పార్కు వంటషెడ్డులో టీవీ మోగుతోంది. సిడ్నీలో ఒలింపిక్స్ జరుగుతున్న రోజులు, ఎవరో ఈతలో గెలిచినట్టున్నారు, ఒకటే ఈలలు.

“అంకుల్ సిడ్నీలో పనిమీద ఉన్నారన్నారు కదా. ఈ ఒలింపిక్స్ గోలలో ఆయనకి ఆఫీసుకెళ్ళడం ఎంత కష్టమో!” అంది హమీదా, కోపం కాస్త తగ్గించుకుని.

“లేరమ్మా,” అంది కనకదుర్గ, అల్లం దంచుతూనే. “ఆయన పోయారు. ఈ జూలై చలిలోనే.”

“ఇన్నా లిల్లాహి...” అని, చావుకబురు విన్నప్పుడు అనే ఆ మాట సగంలోనే ఆపి, హమీదా ఆవిడ చెయ్యి పట్టుకుంది. కనకదుర్గ చెయ్యి వదిలించుకోలేదు. రెండో చేత్తో టీ పొంగకుండా మంట తగ్గించింది. తర్వాత మెల్లిగా మొదటినుంచీ చెప్పింది.

ద్వారకానాథ్ కోబాల్ మనిషి. కోబాలంటే పాతకాలం కంప్యూటర్ల భాష. రెండువేల సంవత్సరం వస్తే ఆ కంప్యూటర్లన్నీ ఏడాదేదో పోల్చుకోలేక బోల్తాపడతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో, అప్పటిదాకా అటక మీద సామాన్లా పడున్న కోబాల్ వాళ్ళకి ఒక్కసారిగా కొత్తల్లుడి మర్యాదలు మొదలయ్యాయి. అలా వచ్చారు ఇద్దరూ ఈ దేశానికి. ఏ కాంట్రాక్టూ కొన్ని నెలలకి మించదు, ఇళ్ళేమో ఏడాది రాసిస్తేగాని అద్దెకివ్వరు. సిడ్నీలో హారిస్ పార్కు అనే పేటలో చిన్న ఫ్లాటు కోసం నానా తిప్పలూ పడ్డాక ఆయనకి విసుగొచ్చి ఈ బండి కొన్నాడు.

“బండి చూసి నేనేడ్చాను తెలుసా? బెజవాడలో సర్కస్‌వాళ్ళు ఇలాగే ఉండేవాళ్ళండీ అన్నాను. ‘మనం మాత్రం ఏమిటే, వాళ్ళకి సింహాలున్నాయి, మనకి లేవు, అంతే’ అన్నారు. ఆయనకి దూరాలు తోలితే నిద్దరొచ్చేది. అందుకని నాకు నేర్పారు. నేను తోలుతుంటే పక్కన కూర్చుని గురక.”

“నా మొగుడికి ఆ గురకైనా వస్తే బావుండు,” అంది హమీదా. ఇద్దరూ కొంచెం నవ్వారు.

ఆ డిసెంబరు ముప్ఫై ఒకటిన లోకమంతా బాణసంచా కాల్చుకుంటుంటే ఆయన ఆఫీసులో కాపలా ఉన్నాడు. తెల్లారింది, ఏ కంప్యూటరూ ఆగలేదు.

“ఊరికే హడావుడి చేశారని అందరూ నవ్వారమ్మా. ‘ఏమీ కాకుండా చూసింది మేమేనే’ అని ఈయన నాకొక్కదానికే చెప్పుకున్నారు. ఇంకెవరికి చెప్తారు? ఆ తర్వాత వచ్చినవన్నీ వెబ్‌సైటు ఉద్యోగాలు. కుర్రాళ్ళవి. గంగాలిన్ అని ఇంకో ఊళ్ళో ఇల్లు తీసుకుని, యాభై దాటాక మళ్ళీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఒక పొద్దున చెత్త డబ్బా బయటపెట్టొస్తానని వెళ్ళారు. ఎంతకీ రాకపోతే చూశాను. గేటు దగ్గర పడున్నారు. చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది.”

టీ చల్లారిపోయింది. ఇద్దరూ తాగలేదు.

“గంగాలిన్‌లో మనవాళ్ళు నన్నేం తక్కువ చెయ్యలేదు. పాండురంగ అని ఆయనలాగే కాంట్రాక్టు ఉద్యోగం చేసే కుర్రాడు, వాడి పెళ్ళాం వసంత, సొంత పిల్లల్లా చూసుకున్నారు. కర్మ చేయించారు, రోజూ భోజనం తెచ్చారు. అంతా అయ్యాక నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.”

“దేనికి ఆంటీ?”

“నిద్రకు పిలుస్తారని.”

హమీదాకి అర్థం కాలేదు. కనకదుర్గ విడమరిచింది. “మొగుడు పోయిన మనిషిని, కర్మ అయ్యాక పుట్టింటివాళ్ళొచ్చి తీసుకెళ్తారు. ఓ రాత్రి వాళ్ళింట్లో పడుకోబెడతారు. నిద్ర చేయించడం అంటాం. అదయ్యేదాకా ఇంకెవరి గడపా తొక్కకూడదు. నాకు అన్నదమ్ముల్లేరు, ఒక్కతే బిడ్డని. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. ఒకరోజు వసంత తనే అంది, ‘మా అమ్మని ఫోన్లో అడిగానాంటీ, పుట్టింటివాళ్ళే పిలవాలట, మేం పిలిస్తే తప్పట, మీవాళ్ళెవరైనా వస్తున్నారా?’ అని. పాపం పద్ధతి తెలుసుకుని మరీ పిలవలేదు, చూశావా! మిగతావాళ్ళు మాత్రం, ఎనీథింగ్ యూ నీడ్, కాల్ చెయ్యండాంటీ అన్నారు. కాల్ చేసి అడిగేదా అది?”

హమీదాకి తల్లి గుర్తొచ్చింది. “మాలో ఇద్దత్ ఉంటుంది ఆంటీ. అబ్బా పోయాక మా అమ్మీ నాలుగు నెలల పైన గుమ్మం దాటలేదు.”

“చూశావా, మీ అమ్మ గడప దాటకూడదు, నేను గడప తొక్కకూడదు. ఈ గడపలు కనిపెట్టినవాడెవడోగాని!” కనకదుర్గ చెంగుతో మొహం తుడుచుకుంది. “ఆ ఇంట్లో ఉండలేకపోయాను. అద్దె ఇల్లు అప్పజెప్పేసి బండెక్కాను. ఇది నా ఇల్లే, దీని గడప నాదే. ఏ ఊరెళ్ళినా నా ఇంట్లో ఉన్నట్టే కదా? ఆయనతో తిరిగినవన్నీ ఇంకోసారి చూసొద్దామని బయల్దేరాను. ఎక్కడా రెండ్రోజులకి మించి ఉండలేకపోయాను. హారిస్ పార్కులో మేమున్న ఫ్లాటు బాల్కనీలో ఎవరివో చంటిపిల్లల బట్టలు ఆరేసున్నాయి. మిఠాయికొట్టు అతను గుర్తుపట్టి ‘సార్ కహాఁ?’ అన్నాడు. ఆఫీసులో ఉన్నారన్నాను. నోరు దానంతటదే అంది. ఆర్మిడేల్ దాటాక రోడ్డు పక్కన బల్ల ఒకటుంటుంది, ఎప్పుడూ అక్కడే పెరుగన్నం తినేవాళ్ళం. ఈసారి తిన్నాక చూసుకుంటే రెండు పళ్ళాలు కడుగుతున్నాను.”

అడగాలా వద్దా అని తటపటాయించి, హమీదా చివరికి అడిగింది. “ఆ ఊళ్ళన్నిట్లో రెండ్రోజులకి మించి ఆగలేదంటున్నారు. మరి టూవూంబాలో ఇన్నాళ్ళ నుంచీ ఎందుకున్నారు? నాకు కారు నేర్పడానిక్కాదు కదా?”

కనకదుర్గ ఆ పిల్ల వంక చూసింది. “గట్టిదానివే,” అంది.

ఇక్కడ ద్వారకానాథ్ కాంట్రాక్టు చేసిన రోజుల్లో కూరగాయల సంతలో ఒకావిడ కరివేపాకు మొక్క కోసం వెతుకుతూ కనిపించింది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. మీ పుట్టింటివారెవరంటే మీ పుట్టింటివారెవరనుకున్నారు. ఇద్దరిదీ వేమవరపువారి ఇల్లే. ఇంటిపేరొక్కటైతే అక్కచెల్లెళ్ళ వరసే కదా. ఆవిడ శ్యామసుందరి, అందరూ శ్యామల అంటారు. భర్త చలపతి యూనివర్సిటీలో పాఠాలు చెప్తాడు. “ఊరుగాని ఊళ్ళో తోడల్లుడు దొరికాడు, పండగ కట్నంలో నాకిక సగమే!” అని చలపతి ద్వారకానాథ్‌ని కౌగిలించుకున్నాడట. అప్పటినుంచీ అక్కా, చెల్లీ, బావగారూ.

“శ్యామల ఆంటీనా!” అంది హమీదా. “నాకు తెలుసు! వాళ్ళమ్మాయి సుమకి నెలలు నిండుతున్నాయని రజాక్ చెప్పాడు. ఇక్కణ్ణుంచి నాలుగు వీధులు. మరి వాళ్ళకి...”

“తెలీదు.”

ఆయన పోయిన వారంలోనే శ్యామసుందరి ఫోన్ చేసింది. సుమ పురిటికొచ్చింది, మొదటి కాన్పు, నువ్వు రావాలక్కా అని ఒకటే సంబరం. బావగారికివ్వు, నేనే చెప్తానంది. సుమ పక్కనే ఉండి నవ్వుతోంది, వినిపిస్తోంది.

“స్నానం చేస్తున్నారన్నాను. ఇంకేమనను? నిండు గర్భిణి ఉన్న ఇంట్లో ఆ కబురు ఎలా పడెయ్యను? కాన్పయ్యాక చెబుదామనుకున్నాను. రెండోసారి చేస్తే నిద్రపోతున్నారన్నాను. మూడోసారి సిడ్నీ వెళ్ళారన్నాను. ఆ ఒక్క ఇంట్లో ఆయనింకా స్నానాలు చేస్తూ, నిద్రపోతూ ఉన్నారమ్మా. నాకూ అది బాగానే ఉండేది.” ఆవిడ కప్పులు పక్కకి జరిపింది. “రోజూ సాయంత్రం వాళ్ళ వీధిలో నడిచొస్తాను. నిన్న శ్యామల తులసికి నీళ్ళు పోస్తోంది. చెట్టు చాటుకి తప్పుకున్నాను. దొంగలా.”

“ఆంటీ, మా ఇంటికి రండి. ఇప్పుడే. నేను పిలుస్తున్నాను, మంచం వేస్తాను. నేనూ మీ కూతుర్నే అనుకోండి,” అంది హమీదా. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

“వస్తాను తల్లీ. అదయ్యాక నేను తొక్కే మొదటి గడప మీదే. నీ మీద ఒట్టు. కానీ ఇది పుట్టింటి పిలుపు. అది నాకీ దేశంలో ఒక్కచోటే ఉంది.”

“ఇక్కడెవరు చూస్తారు ఆంటీ? ఎవరడుగుతారు?”

“ఎవరూ అడగరు. అదేనమ్మా నా బాధ.” కనకదుర్గ చల్లారిన టీ సింకులో వొంపింది. “నమ్మకమని కాదు. ఆయనుంటే ఎగతాళి చేసేవారు. ఒక్కరైనా వచ్చి, ‘రా అక్కా, ఇవాళ మా ఇంట్లో పడుకో’ అనాలి కదా? అడిగి అనిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది?”

వంటషెడ్డులో టీవీ కట్టేశారు. పిల్లలు సైకిళ్ళ మీద పార్కంతా తిరుగుతున్నారు. హమీదా ఆవిడ భుజం మీద చెయ్యేసి కూర్చుంది.

చాలాసేపటికి కనకదుర్గ తనే లేచి తలుపు తీసింది.

“నువ్వొక పని చేసిపెట్టాలి హమీదా. శ్యామల ఇంటికెళ్ళు. సుమ కంటపడకుండా దాన్ని పెరట్లోకి పిలువు. నిలబెట్టి చెప్పకు, తులసికోట దగ్గర అరుగుంది, కూర్చోబెట్టి చెప్పు. మీ బావగారు పోయారు, అక్క కారవాన్ పార్కులో ఉంది అని, ఆ రెండు మాటలే. నన్ను పిలవమని మాత్రం చెప్పకు. నేనేడ్చానని చెప్పకు. నిద్ర మాట అసలెత్తకు. వస్తే అదే వస్తుంది.”

హమీదా చెప్పులు వేసుకుని మెట్టు దిగింది. కనకదుర్గ వెనకనుంచి ఆ పిల్ల చున్నీ సర్దింది.

“త్వరగా వెళ్ళమ్మా, చలపతిగారు యూని నుంచి వచ్చేలోపు. మొగుడి ముందు అది మనసారా ఏడవలేదు.”