నాలుక కింది పట్టీ

సెంటినరీ కాలనీలో ముత్యం పేరెత్తితే ముందు గుర్తొచ్చేది అతని అనుమానం. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చూస్తాడు. చుట్టం ఊరికే వచ్చి కూర్చుంటే, ఏ పనిమీద వచ్చాడో తేలేదాకా నోరు విప్పడు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, బొగ్గుబాయి నేర్పింది. దుంగలు నిలబెట్టి కప్పు కూలకుండా చూసే టింబర్‌మ్యాన్ ఉద్యోగం అతనిది. రాడ్డుతో కప్పును తట్టి, ఆ మోత విని, ఫరవాలేదని తనకు తోచాకే మనుషులను లోపలికి పోనిచ్చేవాడు. ఇంకొకరు తట్టి బాగుందంటే నమ్మేవాడు కాదు. అతని షిఫ్టులో ఒక్క ప్రాణం పోలేదంటే ఆ అనుమానం చలవే. గొప్ప సంగతే, కాదనను. కానీ బాయి విడిచాక కూడా ఆ రాడ్డు చేత్తో పట్టుకున్నట్టే బతికాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

భార్య పోయింది. ఒంట్లో బాగుండక ఉద్యోగం కొడుకు ఉపేందర్‌కు ఇప్పించాడు. ఇక తట్టి చూడడానికి ఇంట్లో మిగిలింది కోడలు యమున. ఆమె ఫోన్లో నవ్వితే తన గురించే నవ్వుతోందనుకునేవాడు. మాత్ర చేతిలో పెడితే నిన్నటి రంగు కాదేమని అడిగేవాడు. అతని ఎడమ పక్క కింది దవడలో పళ్లు లేవు కదా అని ఆమె పప్పు మెత్తగా వండితే, అందులో ఏం కలిపితే ఇంత మెత్తనైందని వాసన చూసేవాడు. ఉపేందర్ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. చివరికి, కాసిపేట గనికి బదిలీ పెట్టుకొని యమునను తీసుకుపోతానని తండ్రి మొహం మీదే చెప్పాడు. పోతె పోండ్రి అన్నాడు ముత్యం. అన్నాడు గానీ, ఖాళీ క్వార్టరులో ఒక్కడే ఉండడం తలచుకొని భయపడ్డాడు. ఆ భయం పైకి చెప్పలేదు.

ఆపింది యమునే. ముసలాయనకు నమలరాక కడుపు నిండడం లేదు, అందుకే ఈ చిరచిర, పళ్లు పెట్టిస్తే మనిషి మారతాడేమో చూద్దామని మొగుణ్ని ఒప్పించింది. ఈ ఒక్కసారే అన్నాడు ఉపేందర్. జ్యోతినగర్‌లో పళ్ల డాక్టరు ప్రసూన దగ్గరికి మామను తానే తీసుకుపోయింది. ఆ డాక్టరమ్మ యమునను చూసి చనువుగా నవ్వేసరికి ముత్యానికి లోపల ఏదో మెదిలింది. వీళ్లిద్దరికీ ముందే ఏం మాటయింది?

సెట్టు తయారై వచ్చింది. ఎడమ పక్కన మూడు పళ్లు. వాటి నుంచి సన్నని ఇనుప పట్టీ ఒకటి నాలుక కిందుగా వంపు తిరిగి కుడి పక్కకు పోయి, అక్కడి గట్టి పళ్లను రెండు కొక్కేలతో పట్టుకుంటుంది. ముత్యం దాన్ని వెలుతురుకెత్తి తిప్పి తిప్పి చూశాడు.

"కుడి పక్కన నా పండ్లు సక్కగనే ఉన్నయ్. గా పక్కకు ఇనుమెందుకు?"

"దీని బలమంతా ఆ పట్టీలోనే ఉందండీ, ముత్యం గారూ," అంది ప్రసూన. "ఎడమ పక్క ముక్క ఒక్కటే పెడితే నిలవదు, నమిలినప్పుడల్లా ఊగుతుంది. ఊడిందంటే గొంతులోకి పోతుంది. అందుకే రెండు పక్కలనీ కలిపాను."

ఆ పట్టీ చిగుళ్లను ఒరుసుకోకుండా కొంచెం ఎడం ఎందుకు ఉంచిందో కూడా చెప్పింది. ముత్యం తలూపాడు గానీ ఒక్క ముక్క నమ్మలేదు. కప్పు చెడ్డచోటే దుంగ పెడతారు. మంచి కప్పు కింద ఎవరైనా దుంగ పాతారంటే అక్కడ ఏదో దాస్తున్నారని అతని లెక్క. ఇన్నేళ్లుగా ఆ లెక్కతోనే పని చేశాడు. బాగున్న పళ్లకు కొక్కేలు తగిలించింది వాటిని కూడా వదులు చేయడానికేనని, అన్నీ ఊడితే మళ్లీ తన దగ్గరికే రావాలని డాక్టరమ్మ ఎత్తు వేసిందని, యమున అందుకు తోడు పోయిందని తేల్చుకున్నాడు.

చెప్పాపెట్టకుండా వెల్డింగ్ షాపు పోశం దగ్గరికి పోయాడు. పోశం ముందు జంకాడు. డాక్టరును అడిగి వస్తే బాగుంటదేమో కాకా అని నసిగాడు. ముత్యం ఇంతెత్తున లేచేసరికి గ్రైండింగ్ చక్రం తిప్పి పట్టీని కోసేశాడు. కుడి పక్క కొక్కేలు మోరీ కాలవలోకి పోయాయి. మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే ఎంత హాయి! నాలుకకు ఏదీ అడ్డం లేదు. తనను మోసం చేయడం ఎవరి తరమూ కాదని మీసం దువ్వుకున్నాడు.

పళ్లు నానేసే గ్లాసులో చిన్న ముక్కే కనిపించి యమున ఉలిక్కిపడింది. సగమే ఉందేంది మామా అని అడిగింది. నా గ్లాసు నువ్వెందుకు చూసినవని అతను ఎదురడిగాడు. ఆమె వంటింట్లోకి పోయింది.

ఆదివారం మటన్ వండింది. ముగ్గురూ కూర్చొని తింటున్నారు. ఎడమ పక్కన పెట్టి ముక్క గట్టిగా నమిలేసరికి దవడలో ఏదో కదిలింది. మింగిన ముద్దతో పాటు ఆ పళ్ల ముక్క కూడా జారి, కోసిన పట్టీ కొస గొంతు మొదట్లో తట్టుకుంది. ఊపిరి ఆడలేదు. కళ్లు తేలేశాడు. ఉపేందర్ వీపు మీద గుద్దుతున్నాడు. యమున మామ గడ్డం పట్టి నోరు తెరిచి చూసింది. ఇనుము తళుక్కుమంది. కుడిచేతి వేళ్లు లోపల పెట్టింది.

చావు కళ్లముందున్నా ముత్యం బుద్ధి పోనిచ్చుకోలేదు. కోడలు గొంతులో ఏదో కుక్కుతోందనుకున్నాడు. ముందరి పళ్లు గట్టివి. ఉన్న బలమంతా పెట్టి కొరికాడు. యమున గొంతు చించుకొని అరిచింది గానీ చెయ్యి తీయలేదు. పళ్ల ముక్క పట్టుకొని లాగాకే తీసింది. దాంతో పాటు నెత్తురు వచ్చింది. ఆ నెత్తురు ముత్యానిది కాదు.

ఆమె వేలికి కుట్లు పడ్డాయి. తర్వాత ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఆ ముక్కను చూసి, దీన్నెవరు కోశారని ప్రసూన అడిగింది. యమున నేల చూసింది. నేనే కోయించిన అన్నాడు ముత్యం. ఆ మాట అంటుంటే అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బయటికి వచ్చాక, బదిలీ కాగితం రేపే ఇస్తానన్నాడు ఉపేందర్.

"ముందుగాల పండ్లు రానియ్యి," అంది యమున. "గా ముచ్చట అటెనుక చూద్దాం."

కొత్త సెట్టు వచ్చింది, పట్టీతో సహా. ప్రసూన అద్దం ఇచ్చి, తనంతట తానే పెట్టుకొమ్మంది. ముత్యం వేళ్లకు పట్టు దొరక్క అది జారిపోయింది. ఇంట్లో ఒకరు నేర్చుకోవాలండీ అంటూ ఆమె సెట్టును యమున చేతిలో పెట్టింది.

ముత్యం మారుమాట లేకుండా నోరు తెరిచాడు. యమున చెయ్యి, వేలికి కట్టుతో, అతని పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆమె చూపు అతని ముందరి పళ్ల మీద నిలిచింది. ఇన్నేళ్లూ అతను అందరినీ చూసింది ఆ చూపుతోనే. తన మీద ఎవరైనా దాన్ని నిలపడం ఇదే మొదలు.

"ఇగ కొరకను బిడ్డా," అన్నాడు.

యమున సరేనన్నట్టు తలూపింది. కట్టు ఉన్న చేతిని వెనక్కి తీసుకొని, సెట్టును ఎడమ చేత్తో పెట్టింది.