బావ గొంతుతో మాట్లాడే ఇల్లు

మా త్యాగరాజన్ బావ రీడింగ్ చూడనిదే దేన్నీ నమ్మడు. నెత్తిన వాన పడుతున్నా, మేడమీద పెట్టిన సెన్సార్ ఔనన్నాకే గొడుగు విప్పుతాడు. ఆలోపు తడిసి ముద్దవుతాడు. నటేశన్ నగర్‌లో ఆయన ఇల్లు ఎక్కడని అడిగితే, "ఆ మాట్లాడే ఇల్లా?" అని ఎవరైనా చూపిస్తారు.

కరెంటాఫీసులో ఉన్నన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి మీటర్ రీడింగులు తీశాడు. రిటైరయ్యాక తీయడానికి మీటర్లు లేక సొంత ఇంటినే మీటరు చేసుకున్నాడని మేమంతా అనుకున్నాం. తలుపుకో సెన్సారు, పొయ్యి దగ్గరొకటి, నీళ్ళ ట్యాంకుకొకటి, ఆఖరికి కుర్చీల దిళ్ళ కింద కూడా.

"రీడింగంటే ఉత్త అంకెరా సుధాకరా. ఉత్త అంకె ఎవురికి కావాల? దానికి మాట కట్టల్ల," అనేవాడు. వాక్యం ముందే తయారుచేసి మధ్యలో చోటు వదిలేస్తాడు. సెన్సారు చెప్పింది వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది. దాన్ని టెంప్లేట్ అంటారని నాకు చాలాసార్లు పాఠం చెప్పాడు. మెషిన్ గొంతు మా అక్క వేదవల్లికి నచ్చలేదు. "వార్తలు చదివే ఆమెను ఇంట్లో పెట్టుకున్నట్టు ఉండాది," అందట. అందుకని మాటలన్నీ తన బొంగురు గొంతుతోనే ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, గదికో స్పీకరు తగిలించాడు.

ఒకసారి మా ఆవిడ లోకేశ్వరి వెళ్ళి కాఫీ అందుకుని కూర్చుందో లేదో, గోడ మీంచి బావ గొంతు వినిపించింది. "కిటికీ పక్క కుర్చీలో మనిషి ఉండాది. బరువు డెబ్బై తొమ్మిది."

ఆ కాఫీ ఆమె తాగలేదు. ఆ ఇంట్లో ఆ తర్వాత కూర్చోనూ లేదు.

"బావా, బరువు ఎందుకు? నా సంసారం చూసైనా తీసెయ్," అని బతిమాలాను.

"సరి, బరువు తీసేస్తా. మనిషి ఉండేది మాత్రం చెప్పనీ," అన్నాడు, చాలాసేపు ఆలోచించి.

మొదట్లో ఏ సెన్సారైనా మొరాయిస్తే, ఆ చోట్లో 'తెలియదు' అన్న మాట వచ్చి కూర్చునేది. నేను స్నానం చేస్తుంటే, హాలు నిండా ఉన్న చుట్టాలకు "బాత్రూములో తెలియదు మంది ఉండారు" అని ఆ ఇల్లు చాటింపు వేసింది. వాళ్ళ చూపులు తప్పించుకుని బయటపడటానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికి తెలుసు. బావ వెంటనే టెంప్లేట్ మార్చాడు. రీడింగ్ రాకపోతే ఇల్లు ఇప్పుడు, "రీడింగ్ లేదు. ఉన్న చోటే నిలు," అంటుంది.

"ఏంది బావా, పోలీసు మాదిరి?"

"తెలియనప్పుడు కదలకూడదురా," అన్నాడు.

ఈ మాట నేను ఊరంతా చెప్పి నవ్వించాను.

మా అమ్మాయి ప్రీతికకు ఏడో నెల వచ్చింది. గాజులు తొడిగే వేడుక చేయాలి. మా వాళ్ళలో ఏ పిల్లకైనా మొదటి జత మా అక్కే వేయాలి. ఆమె చేతి గాజు పడితే కాన్పు సుఖంగా అవుతుందని అందరి నమ్మకం. లోకేశ్వరి కల్యాణ మండపం మాట్లాడదామంది. ఎప్పుడూ దేనికీ అడ్డు చెప్పని అక్క ఆ రోజు మొండికేసింది.

"మా ఇంట్లో అయితేనే తొడుగుతా. లేదంటే వేరే ఎవురినైనా పిలుచుకోండి."

"మీ అక్కకు గర్వం ఎక్కువైంది. మొన్న మార్కెట్లో ఎదురుపడితే పలకరించను కూడా లేదు," అని లోకేశ్వరి నా మీద విరుచుకుపడింది. నాకూ మనసు చివుక్కుమంది. అయినా వేడుక అక్క ఇంట్లోనే పెట్టుకున్నాం.

ఆ రోజు హాలు నిండా ఆడవాళ్ళు. ఇల్లు అలవాటుగా వాగుతోంది, వాళ్ళు నవ్వుతున్నారు. అక్క గాజుల పళ్ళెం పట్టుకుని పూజగది నుంచి హాలు గుమ్మం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే, బయటి గాలివానకు ఎక్కడో తీగ మీద కొమ్మ విరిగిపడి కరెంటు పోయింది. పాత ఇన్వర్టరు కీచుమని ఊరుకుంది. మేమంతా ఫ్యాన్ల కోసం నిట్టూర్చాం.

అక్క మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది.

కిటికీలు తెరిచే ఉన్నాయి, పగటి వెలుతురు చాలినంత ఉంది. "అత్తా, ఇక్కడుండా," అంది ప్రీతిక. అందరి మాటల్లో ఆ పిలుపు ఏ పక్కనుంచి వచ్చిందో అక్కకు అందలేదు. ఎవరూ లేని గోడవైపు చూసి నవ్వుతోంది. పళ్ళెంలో గాజులు చిన్నగా గలగలలాడాయి.

మా అక్కకు చూపు లేదు. మార్కెట్లో పలకరించకపోవడం, కుర్చీలో మనిషి ఉన్నదీ లేనిదీ ఇల్లు చెప్పడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. పెద్దవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. మావాళ్ళు పైకి అనరుగానీ, కళ్ళు లేని మనిషిని శుభకార్యానికి ముందుకు పిలవరు. ఇక ఒక్క క్షణమైతే అక్క ఏ వేడుకలోనైనా మూల కూర్చోవలసిన మనిషైపోతుంది.

"హాలు నడిమిలో చాప. చాప మీద ప్రీతిక. ఎడం పక్క పూంగొడి, కాళ్ళు చాపుకోని ఉండాది."

అందరూ తలెత్తి స్పీకరు వైపు చూశారు. అది చచ్చిపడి ఉంది. మాట్లాడింది బావ. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, పైకప్పు చూస్తూ, ఇల్లు ఎలా అంటుందో అలాగే అంటున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. పక్కింటి పూంగొడి సిగ్గుపడి కాళ్ళు ముడుచుకుంది.

"దోవ ఖాళీ. ప్రీతిక చెయ్యి చాపతా ఉండాది."

అక్క నడిచింది. వంగి ప్రీతిక మణికట్టు తడిమి పట్టుకుంది. మొదటి జత చిట్లకుండా ఎక్కింది. నవ్వే వాళ్ళెవరూ ఆమె వేళ్ళు చూడలేదు.

కాసేపయ్యాక వంటింట్లోకి వెళ్ళాను. అక్క కాఫీ కలుపుతోంది, బావ గ్లాసులు తుడుస్తున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

ఆమె చెయ్యి ఆగింది. "రెండేండ్లాయ. కొంచెం కొంచెంగా పోయింది. కంటి నరం ఎండిపోయింది, ఇంక రాదన్నారు." మళ్ళీ చెంచా తిప్పుతూ, "ప్రీతిక బిడ్డ మొగం చూడలేనురా," అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆమె భుజం పట్టుకున్నాను.

"కంటికన్నా ఈయన బాధే నాకు. ఊరంతా పైత్యం అంటాంది," అంది.

"అననీ," అన్నాడు బావ, గ్లాసు మీంచి చూపు ఎత్తకుండా. "అందురూ నన్ను చూసి నవ్వతా ఉంటే నిన్నెవురు చూస్తారు?"

అంతలో లోకేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "కరెంటు పోయినా ఈయన ఊరుకోలేదే. మీ బావకు పైత్యం ముదిరిపోయిందండి," అంది నాతో.

బావ గ్లాసు తుడవడం ఆపి నావైపు చూశాడు. అక్క తల వంచుకుంది.

నేను కళ్ళు తుడుచుకుని, "ఔను, బాగా ముదిరింది. ఇంక దానికి మందు లేదు," అన్నాను.

అందరికంటే ముందు అక్క నవ్వింది.