మా ఆమె అన్న

కోరుట్లల చేతి మగ్గం విడిచిపెట్టి, సిరిసిల్లల కరెంటు సాంచెల మీద పనికి అచ్చినోళ్లం మేమిద్దరం, నేనూ మా ఆమె అన్న. ఒక్కటే షెడ్డు, పక్కపక్క సాంచెలు. నేత నాకు ఆయనకంటే మంచిగచ్చు. షెడ్డుల ఎవల్నడిగినా గదే చెప్తరనుకున్న. ఎవ్వలూ అడగలే, గదే నా బాధ.

గప్పుడు దారం కండె అయిపోయినప్పుడల్లా అటిటు ఉరికి దారమేసే నాడెల కొత్తది వెట్టి, నాడె కన్నంల నోరువెట్టి దారాన్ని పీల్చాలె. దారంతోని దుమ్ము, గంజి గొంతులకు పోయేది. అందరం దగ్గుకుంటనే నేసినం. మా బావ చదివింది నాలుగో తరగతి. గాయన ఒక పాత గొడుగు కమ్మి విరిచి, సానవట్టి, కొసకు వంపు దీసి కొక్కెం జేసిండు. కన్నంల వెట్టి గుంజితే దారం దానంతటదే బయటకచ్చె! కొన్నొద్దులకే ఏ షెడ్డుల జూసినా గదే కొక్కెం. అరె, గొడుగు మా ఇంట్ల లేకుండెనా? నాకెందుకు తట్టలే?

ఇగ ఇంట్ల జూడాలె. "మా అన్న కొక్కెం, మా అన్న తెలివి" అని పొద్దందాక మా ఆమెది ఒక్కటే పాట. నేను పంతానికి నోటితోనే పీల్చిన. "దగ్గి దగ్గి సావు" అన్నది. దగ్గిన గని కొక్కెం ముట్టలే.

కొన్నేండ్లకు జనం ఆయన్ను కౌన్సిలర్ జేసిండ్రు. అవి నక్సలైట్ అన్నల రోజులు. పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు, పదవిల ఉన్నోన్ని ఇద్దరూ నమ్మరు. మా బావ మాత్రం వీళ్లకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్తడని పేరు వడ్డది. సేట్లకూ నేతోళ్లకూ లొల్లయితే గాయన్నే పిల్సుడు. సేటు లేచి కుర్చీ ఏసేటోడు. నేను మొకం అటు తిప్పుకునేటోన్ని. ఎవలన్న "ఆయన నీకు బావనటగద" అంటే, "ఆఁ, దూరపు చుట్టం" అనేటోన్ని.

ఒకనాడు జగిత్యాల పోయి అస్తుంటె తొవ్వల బస్సు ఆపి పోలీసులు నన్ను దించిండ్రు. అన్నలకు అన్నం వెట్టినవన్నరు. నేనెవలికీ పెట్టలే. ఠానల నా పేరు చెప్పిన, మా నాయిన పేరు చెప్పిన, దెబ్బలు ఆగలే. గట్ల తీస్కపోయినోళ్లల్ల కొందరు మళ్ల ఇంటి మొకం జూడలే, అది నాకెరుకే. "కౌన్సిలర్ నా బావ సార్, సొంత బావ!" అన్న. లాఠీ ఆగింది. పాణం నిలవడ్డది గని, సిగ్గుతోని తల లేవలే.

కబురందంగనే మా బావ దొరికిన లారీ ఎక్కి అచ్చిండు. "బావనని ఇడిపించుకపోను అచ్చినవా?" అని ఎస్సై అడిగిండు.

"బావ అయినందుకు కాదు సార్. ఈయన నాకంటె మంచి నేతగాడు. మా షెడ్డుల గిసోంటి చెయ్యి ఇంకోటి లేదు. సాంచె విడిచి ఎటూ పోని మనిషి. తప్పు జేసిండని తేలితె నన్ను లోపటెయ్యిండ్రి" అన్నడు.

గా మాట కోసం ఎన్నేండ్లు జూసిన! మా ఆమె అనలే, సేటు అనలే. అచ్చి అచ్చి గాయన నోట్లకెల్లే రావాల్నా? అది గూడ పోలీసోల్ల ముంగట, ఒళ్లు వాచి నేను నేల మీద కూసున్నప్పుడు? జనం ఆయన్ను ఇప్పటికీ ఎందుకు యాది జేస్కుంటరో నాకంటె ఎవలికెరుక! అయినా కుళ్లు పోలే.

సంతకం వెట్టి, నా చెయ్యి పట్టుకోని మెట్లు దించిండు. ఇడిపించుకుందామనుకున్న. ఇడిపించుకుంటె పడిపోదును.