సాధువుకు కండ్లు పెట్టినందుకు

ఈ అరబ్బు దేశంలో, ఎండాకాలం అల్ హైల్ సైట్‌లో ప్లాస్టరింగ్ చేసినోడికే తెలుస్తుంది, నేనెందుకు కోతలు కోశానో. మా కంపెనీ ఇంజనీరు యుగోస్లావియా పెద్దాయన. తన విల్లాలో గోడకు సున్నం పూత వేసే మేస్త్రీ కావాలన్నాడు. విల్లాలో ఏసీ ఉంది. "ఏడు తరాలుగా గుళ్ళల్ల బొమ్మలేసే వంశం సార్ మాది" అన్నాను. మా వంశంలో సున్నం ముట్టినోడు నేనొక్కణ్ణే.

ఆయన ఒక పుస్తకం తెరిచాడు. వాళ్ళ ఊరి కొండల్లో వందల ఏళ్ళ కింద ఒక రాజు కట్టించిన మఠమట. నేల నుంచి కప్పుదాకా గోడలన్నీ సాధువుల బొమ్మలే. గీసినోళ్ళు ఎక్కడా పేరు రాసుకోలేదట. ఆ ఏడు వాళ్ళ దేశంలో యుద్ధం, ఇంటికి పోయే దారి లేదు. అందుకే ఒక సాధువునైనా ఇక్కడికి దించుకోవాలని ఆయన పట్టు.

నేను పూత వేయాలి, అది తడిగా ఉండగానే ఆయన రంగు పడాలి, ఆరితే గోడ రంగు తాగదు. అంతవరకు అర్థమైంది. కానీ ముఖానికి మొదట ఆకుపచ్చ పూశాడు! సాధువుకు ఏం రోగమో? అడిగితే నా వంశం బయటపడుతుందని, "మా తాత కూడా ఇట్లనే సార్" అన్నాను. దాని మీద పసుపు, ఎరుపు, తెలుపు పల్చగా వేసుకుంటూ పోతే చెంపలకు ప్రాణమొచ్చింది.

కండ్లు మిగిలి ఉండగా సైట్ నుంచి ఫోనొచ్చింది, పరుగెత్తాడు. పూత ఆరిపోతోంది. మరిచాడా? నా వంతని వదిలాడా? మా దగ్గర దేవుడికి కండ్లు చివరనే దిద్దుతారు. పుస్తకంలో చూస్తే అక్కడా కండ్ల చోట తెల్ల గుంటలే. పాత బొమ్మ, రాలిపోయిందనుకున్నాను. కుంచె ముంచి రెండు కండ్లూ పెట్టేశాను. కొంచెం మా ఊరి ఎల్లమ్మ తల్లి కండ్లొచ్చినై.

ఆయన వచ్చి చూసి కూలబడ్డాడు. "మఠంలో ఆ కండ్లు మా అమ్మమ్మ గీకింది" అన్నాడు. చిన్నప్పుడు ఆయనకు చూపు మందగిస్తే, ఊరోళ్ళందరి లాగే ఆమె కూడా సాధువు కంటి పెచ్చు గీకి, నీళ్ళలో కలిపి తాగించిందట. ఆ గుంటలే ఆయనకు సాధువు.

గీకే రేకు నా చేతిలో పెట్టాడు. "నువ్వే పెట్టావు మేస్త్రీ, నువ్వే తియ్యి. తీస్తే మిగతా గోడ కూడా నీదే. లేకుంటే రేపు సైట్."

దగ్గరికి పోయాను. సాధువు నన్నే చూస్తున్నాడు. చెయ్యి లేవలేదు.

"మీ అమ్మమ్మ చూపు కోసం గీకింది. నేను ఏసీ కోసం గీకాలా సార్?"

రేకు కింద పెట్టి వచ్చేశాను.

"అరే భాయ్, బొమ్మ కండ్ల కోసం ఏసీ ఛోడ్‌దియా? పాగల్!" అన్నాడు రూమ్‌లో హైదరాబాద్ భాయ్. సాధువు రెప్ప కొట్టాడని చెప్పాను. నోరు తెరిచి విన్నాడు.

పొద్దున ఏడింటికే సైట్‌లో పరంజా ఇనుము కాలుతోంది. ఆయన గీకాడో, ఉంచాడో నేను అడగలేదు.