పదిమంది సైకిళ్ళకు ఒక దారి

తిరుపతిలో సైకిలు లేని గుమాస్తా ఉండడు. ఆ సైకిలును ఆఫీసుకూ కూరగాయల అంగడికీ తప్ప మరో చోటికి తొక్కే గుమాస్తా కూడా ఉండడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు మాఘమాసంలో మేము పదిమందిమి ఈ లోపాన్ని సరిదిద్దుదామని నిశ్చయించుకున్నాం. ఒక ఆదివారం అందరం కలిసి సైకిళ్ళమీద వెళ్ళాలి, ఎక్కడో చెట్ల కింద తినాలి, కబుర్లు చెప్పుకోవాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. ఈ ఆలోచన మునిరత్నం నాయుడుగారిది. ఆయన మా వీధిలోనే ఉంటారు, ప్రభుత్వాఫీసులో హెడ్ గుమాస్తా. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

చిక్కంతా దారి దగ్గర వచ్చింది. పోస్టాఫీసు మిత్రుడొకడు శ్రీకాళహస్తి అన్నాడు. రోడ్డు చదును, స్వర్ణముఖి ఒడ్డున హాయిగా కూర్చోవచ్చు. కానీ కాళహస్తిలో దర్శనం చేసుకున్నవాళ్ళు దారిలో ఎవరి గడపా తొక్కకుండా నేరుగా సొంత ఇంటికే రావాలి గదా అని ఇంకొకరు గుర్తుచేశారు. తిరుగుదారిలో ఎవరింట్లోనూ కాఫీ తాగకూడదంటే ఇక సరదా ఏముందని అందరూ దిగులుపడ్డారు. గుడికి పోకుండా ఏరు చూసి వచ్చేద్దామన్నాను నేను. శివుడి గుడి గురించి నామాలవాడు అంతకంటే ఏమంటాడులే అన్నట్టు అందరూ నా నుదుటికేసి చూశారు. చంద్రగిరి మరీ దగ్గర, డబ్బాలో ఇడ్లీలు చల్లారకముందే చేరతాం. చివరికి పుత్తూరు మీదుగా నారాయణవనం అనుకున్నాం. అక్కడ గుడి ఉంది, నీడ ఉంది, పైగా ఎవరైనా పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, విరిగిన ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరులోనే కట్టు కట్టించుకుని రావచ్చు. ఇంత ముందుచూపు ఉన్న దారి ఇంకోటి లేదని తొమ్మిదిమందిమి ఒప్పుకున్నాం. నాయుడుగారు ఒప్పుకోలేదు.

లారీలెక్కువ అన్నారు, ఎదురుగాలి అన్నారు, ఎత్తులున్నాయన్నారు. అసలు కారణం మా వీధి మొత్తానికి తెలుసు. వడమాలపేట దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న ఊళ్ళో ఆయన చెల్లెలు సరోజమ్మ ఉంది. తోడబుట్టింది ఆమె ఒక్కతే. ఆమె కొత్త ఇంటి గృహప్రవేశానికి ముందు ఆమె భర్త తిరుపతి బస్టాండులో నాయుడుగారిని చూసి, నిలబడ్డచోటే, "ఆదివారం ఇల్లు చేరతా ఉండాం, వచ్చేయప్పా" అని బస్సెక్కేశాడట. ఇంటికి వచ్చి కుంకుమ పెట్టి పిలవనిది పిలుపేమిటని నాయుడుగారు వెళ్ళలేదు. పుట్టింటి చీర లేకుండానే ఆమె కొత్త ఇంట్లో పాలు పొంగించుకుంది. అప్పటినుంచి మూడేళ్ళుగా అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఇప్పుడు పుత్తూరు రోడ్డున వెళ్తే ఆ ఇంటి ముందునుంచే పోవాలి. ఆగితే నాయుడుగారి పంతం పోతుంది. పదిమందితో బెల్లు కొట్టుకుంటూ ఆగకుండా పోతే ఇక చెల్లెలే పోతుంది. ఆయన భయం అది.

చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పారు. వడమాలపేట దగ్గర ఎడమకు తిరిగితే బండిబాట ఒకటి ఉందనీ, కొండల వెంబడి పోయి పుత్తూరు దగ్గర రోడ్డులో కలుస్తుందనీ, ప్రకృతి శోభ అంతా అక్కడే ఉందనీ అన్నారు. ప్రకృతి శోభ అనే మాట ఆయన నోట వినడం మాకదే మొదలు. సరే, చూసి రండని ఆయననూ నన్నూ పంపారు. వెళ్ళేటప్పుడు సైకిళ్ళమీద, వచ్చేటప్పుడు బస్సులో అని ఏర్పాటు.

రెండో శనివారం అయిదింటికి బయలుదేరాం. తిరుచానూరు దాటాక తెల్లవారింది. రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, గాలి మా వెనకనుంచే వీస్తోంది. ఈ సంగతి ఇద్దరమూ ప్రస్తావించలేదు. ఏడున్నరకు వడమాలపేటలో ఇడ్లీ తిన్నాం. చట్నీలో కారం దండిగా ఉంది కాబట్టి నీళ్ళ సీసా అక్కడే ఖాళీ అయింది. ఈ దారిన వచ్చేవాళ్ళు సీసాలు రెండు తెచ్చుకోవడం మంచిది. హోటలు దాటి ఎడమకు తిరిగి బండిబాట పట్టాం.

మొదటి మైలు తొక్కాం, రెండో మైలు నడిపించాం. ఆ తరువాత ఇసుక వంక ఒకటి అడ్డం వస్తే సైకిళ్ళను భుజాలకెత్తుకుని దాటాం. "సూడు సామీ, ఎంత నిశ్శబ్దంగా ఉండాదో" అన్నారు నాయుడుగారు. నిజమే, మాట్లాడే ఓపిక ఇద్దరిలో ఎవరికీ మిగల్లేదు. వంక అవతల మేకలు కాస్తున్న ముసలాయన మమ్మల్ని చాలాసేపు చూసి, అంత మంచి రోడ్డు పెట్టుకుని ఈ దావన యాల పడితిరని అడిగాడు. నాయుడుగారు సైకిలు ముందుకు తోశారు. ముసలాయన ఆయన ముఖంకేసి మళ్ళీ చూసి, "నువ్వు సరోజమ్మ అన్నవి గదా. అచ్చం ఆయమ్మ మొగమే" అన్నాడు. చుట్టుదారిలో కూడా చుట్టరికం తప్పలేదు.

ఇంకో ఫర్లాంగు పోయేసరికి నా వెనక చక్రంలో తుమ్మముల్లు దిగింది, ఆయనకు రెండు చక్రాల్లోనూ దిగాయి. పంక్చరు వేసేవాళ్ళు యాడుంటారని నాయుడుగారు వెనక్కి వెళ్ళి ముసలాయన్నే అడిగారు. అతను కర్రతో రోడ్డువైపు చూపించి, సరోజమ్మ ఇంటి ఎదురుగ్గా ఒక అంగడుంది, అది తప్ప పుత్తూరు దాకా ఇంకోటి లేదన్నాడు. పొలాల గట్లమీద సైకిళ్ళు మోసుకుంటూ వెళ్ళాం. నాకు నవ్వు వస్తోంది, దాన్ని ఆయాసం కింద చలామణి చేశాను.

అంగడి ముందున్న బల్లమీద నాయుడుగారు చెల్లెలి ఇంటికి వీపు తిప్పి కూర్చున్నారు. ఎదురుగా తొట్లో ట్యూబు ముంచుతుంటే లేచే బుడగలను అంత శ్రద్ధగా చూసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. రోడ్డుకు అటువైపు మిద్దె ఇల్లు, దాని వెనక పూతమీద ఉన్న మామిడితోట, తోటలో మోటారు బావి. పదిమందికి చోటు, నీళ్ళు, నీడ. దారి చూడ్డానికి వచ్చినవాణ్ణి గనుక అడగడం నా విధి అని ఆయనతో చెప్పాను. "నీ ఇష్టం సామీ, నన్ను మాత్రం లాగొద్దు" అన్నారు.

సరోజమ్మ అరుగుమీద వేరుశనక్కాయలు వలుస్తోంది. ముసలాయన చెప్పింది అబద్ధం కాదు, ముఖం అన్నగారిదే. నేను ఎవరినో, ఎందుకు వచ్చానో చెప్పాను. వచ్చే ఆదివారం మీ తోటలో కాసేపు కూర్చోవచ్చా అని అడిగాను. కూర్చోవడమేంది, భోజనాలిక్కడేనని ఆమె తేల్చేసింది. పప్పు, వంకాయ పులుసు, వడలు అని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. అయ్యోర్లు మా వంట తింటారా అని సందేహపడితే, మా ఇంట్లో తెలియనంతవరకు నాకు అన్ని వంటలూ మడివంటలేనని చెప్పాను. ఆమె నవ్వింది. ఇంతసేపూ రోడ్డు అవతలికి ఒక్కసారి కూడా చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడం కూడా ఆ ఇంటివాళ్ళకు వచ్చిన విద్యే కాబోలు.

నా నోరు ఊరుకోదు. ఆ పదిమందిలో మీ అన్నగారు కూడా ఉన్నారమ్మా, మీరొచ్చి ఒక్క మాట పిలిస్తే బాగుంటుందన్నాను.

ఆమె చేతిలోని కాయలు చేటలో వేసేసింది. "మిమ్మల్ని తొమ్మిదిమందినీ పిలస్తా ఉండా సామీ, తప్పకుండా రావల్ల. ఆయన్ని మాత్రం పిలవను. పిలిస్తే సుట్టమైపోతాడు. యెవురింటికి వాళ్ళని యెవురన్నా పిలస్తారా?" అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇల్లు చేరిన దినం పది గంటల దాకా వాకిట్లోనే నిలబడుకోని రోడ్డు సూస్తానే ఉన్నా" అంది. లోపలికి వెళ్ళి రెండు లోటాలతో మజ్జిగ తెచ్చింది. ఒకటి నేను తాగాను. రెండోది పట్టుకుని రోడ్డు దాటాను.

ఆమె అన్నది అన్నట్టే నాయుడుగారికి చెప్పాను, ఒక్క మాట తగ్గించలేదు. ఆయన మజ్జిగ తాగి, "ఉప్పెక్కువ. సిన్నప్పటినుంచీ అంతే" అన్నారు. ఖాళీ లోటాను పంచె కొంగుతో తుడిచి, లోపలికి చూసి, మళ్ళీ తుడిచారు. పంక్చర్లు మూడూ పూర్తయ్యాయి. ఆయన లేచి సైకిలెక్కారు. ఇంటివైపు తిరగలేదు, లోటా వెనక్కి ఇచ్చిరావడం నా వంతయింది.

పుత్తూరుకు పదకొండున్నరకు చేరాం, అక్కణ్ణించి నారాయణవనానికి. స్వామి దర్శనం తీరిగ్గా జరిగింది. నాయుడుగారు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. మధ్యాహ్నం పుత్తూరులో అన్నం తిన్నాం, సాంబారు బాగుంది, తమిళదేశం దగ్గరపడుతున్న కొద్దీ సాంబారు బాగుపడుతుంది. నాలుగు గంటల తిరుపతి బస్సు పైకి సైకిళ్ళెక్కించాం. సైకిళ్ళకు విడిగా లగేజి టికెట్టు తీసుకోవాలి. తాడు మాత్రం మనమే తెచ్చుకుని కట్టుకోవాలి.

బస్సులో నా పక్కనాయనకు మోచేతినుంచి మణికట్టుదాకా వెదురుబద్దల కట్టుంది. ఏమయిందని అడిగాను. సైకిలు మీంచి పడినానన్నాడు. ఈ దారి చాలా మంచిది, గుంత ఒక్కటీ లేదు, అందుకే ఏమరుపాటుగా పోతా పడినానని వివరించాడు. ఈ సంగతి బృందానికి చెప్పకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

సరోజమ్మ ఊరు వచ్చింది, పోయింది. బస్సు ఆగలేదు. వాకిట్లో ఎవరూ లేరు, అరుగుమీద చేట మాత్రం కనబడింది. నాయుడుగారు మెడ తిప్పి, మలుపులో ఇల్లు కనుమరుగయ్యేదాకా చూశారు. వడమాలపేటలో జనం దిగి మళ్ళీ ఎక్కారు. బస్సు కదిలాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ రోడ్డే ఖాయం చేయండి సామీ. ఎత్తులేమీ లేవు" అన్నారు. ఉన్నాయి, మూడు చోట్ల దిగి తోశాం. అయినా సరేనన్నాను.

"ఆదివారం మీరు తొమ్మిదిమందీ పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కకముందే ఆడికి వచ్చేయల్ల" అన్నారు.

మీరు మాతో రారా, ఈ యాత్రంతా మీ ఆలోచనే గదా అని అడిగాను.

"నేనెట్లా వస్తా?" అన్నారు, ఇంత చిన్న విషయం తెలియని పంతులు పిల్లలకేం చెబుతాడో అన్నట్టు నాకేసి చూస్తూ. "శనివారమే బస్సులో పోతా. ఇంటికి తొమ్మిదిమంది వస్తా ఉంటే ఇంట్లోవాళ్ళు ముందుదినమే ఉండొద్దా? కట్టెలు కొట్టల్ల, ఆకులు కోయల్ల. అదొక్కతే ఎంతని చేసుకుంటాది?"