పెన్సిలుతో పెట్టిన బొట్టు

బొమ్మలు గీయడం ఇంట్లోనే నాయన దగ్గర నేర్చుకున్నాను. చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి ఎదుటి మనిషి కొలత తీసుకోవాలి. "మనకు తెలిసింది గాదు, కనబడింది గీయాల" అనేవాడు. అంతటి చదువు ఇంట్లోనే ఇప్పించినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఒకసారి ధర్మవరం స్టేషన్లో, ఎదురుగా కూర్చున్న ఒక పెద్దామెను అలాగే కొలుస్తున్నాను.

"ఏమ్మా, నాకు కన్ను కొడతాండావా?" అని నవ్వింది.

"మీ బొమ్మ గీస్తాండానమ్మా."

"గీయి, గీయి. నాకు ఒక ఫోటో గూడా లేదు. ఇస్తే ఇంట్లో పెట్టుకుంటా."

ముక్కు, చెవులు, గడ్డం అన్నీ కొలతకు సరిపోయాయి. కాగితం అందుకుని ఆమె చాలాసేపు చూసింది.

"ఈ బొట్టు యాడ చూసినావు తల్లీ? మా ఆయన దినాలనాడే మావాళ్ళు తుడిచేసినారు గదా."

నిజమే, ఆమె నుదురు ఖాళీగా ఉంది. ఆడమనిషి ముఖం అనగానే నా చెయ్యి బొట్టు పెట్టేసింది. సిగ్గుతో రబ్బరు తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తుడపొద్దు. నువ్వే పెట్టుకో ఈ బొమ్మ. మా ఇంటికి తీసకపోతే మళ్ళీ తుడుస్తారు."